పప్పన్నం పెట్టని పాపం

మనిషికి నెలకు అయిదు కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, రోజుకో విటమిన్ మాత్ర. ఇంట్లో ఒకరికి ఊపిరితిత్తుల క్షయ వచ్చినప్పుడు, ఆ ఇంట్లోని మిగతావాళ్లకు ఈ మాత్రం తిండి అదనంగా అందిస్తే ఏమవుతుందో తెలుసుకోవాలని 2019లో జార్ఖండ్‌లోని నాలుగు జిల్లాల్లో ఒక పరిశోధన మొదలైంది. మంగళూరు యెనెపోయ వైద్య కళాశాలలో పనిచేసే అనురాగ్ భార్గవ, మాధవి భార్గవ దాన్ని ముందుండి నడిపారు. చెన్నైలోని జాతీయ క్షయ పరిశోధన సంస్థ, ప్రభుత్వ క్షయ నిర్మూలన కార్యక్రమం వాళ్లకు తోడు నిలిచాయి. 2,800 మంది రోగులు, వాళ్ల ఇళ్లలో ఉండే 10,345 మంది అందులో చేరారు. రోగులందరికీ నెలనెలా ఆహారం ఇచ్చారు. ఇంటివాళ్ల విషయంలో మాత్రం కొన్ని ప్రాంతాలవాళ్లకు తిండి అందింది, మిగతా ప్రాంతాలవాళ్లు ఎప్పట్లాగే బతికారు. 2023 ఆగస్టులో లాన్సెట్ పత్రికలో ఫలితం అచ్చయింది. తిండి అందిన ఇళ్లలో కొత్తగా క్షయ బారిన పడినవాళ్లు 39 శాతం తగ్గారు. పరీక్షలో క్రిమి రుజువైన ఊపిరితిత్తుల క్షయను మాత్రమే లెక్కిస్తే 48 శాతం తగ్గింది.

ఈ అంకెలు చదివినప్పుడు నాకు కలిగిన మొదటి భావం సిగ్గు. ఏదైనా కొత్త టీకా ఇంత మేలు చేసి ఉంటే దేశమంతా పండగ చేసుకునేది. ఇక్కడ ఆ పని చేసింది బియ్యం, పప్పు. అంటే ఇన్నాళ్లూ ఆ ఇళ్లలో అదనంగా జబ్బు పడుతూ వచ్చినవాళ్లలో ఎంతోమంది, కడుపునిండా పప్పన్నం దొరికి ఉంటే జబ్బు పడకుండా ఉండేవాళ్లు. మందు కనిపెట్టలేదని, డాక్టరు లేడని, అడవుల్లో దారి లేదని చెప్పుకోవడానికి ఇంకేం మిగల్లేదు. ఖర్చు సంగతి కూడా చెప్పాలి. 2019 ధరల్లో ఇంట్లో ఒక్కో మనిషికి ఈ అదనపు తిండికి నెలకు అయింది సుమారు మూడు వందల రూపాయలు.

బియ్యం తింటే క్రిమి ఎలా ఆగుతుందని అడిగేవాళ్లుంటారు. అడగాల్సిన ప్రశ్నే. గత కొన్ని దశాబ్దాల పరిశోధన దీనికి చెబుతున్న జవాబు మనం కాస్త ఓపికగా వినాలి, ఎందుకంటే మన బాధ్యత ఎక్కడుందో ఆ జవాబులోనే ఉంది.

రోగి దగ్గినప్పుడు గాల్లోకి లేచిన క్షయ క్రిమి పక్కనున్నవాళ్ల ఊపిరితిత్తుల్లో చిట్టచివరి గాలి గదుల దాకా వెళుతుంది. అక్కడ కాపలా కాసే మాక్రోఫేజ్ అనే కణం దాన్ని మింగుతుంది. మింగినదాన్ని అరిగించుకోవడం ఆ కణం పని. ఈ క్రిమి ఆ అరుగుదలనే అడ్డుకుని, తనను మింగిన కణంలోనే కాపురం పెడుతుంది. అప్పుడు ఒళ్లు మరిన్ని కణాలను అక్కడికి పంపి, క్రిమి చుట్టూ గ్రాన్యులోమా అనే గట్టి ముద్ద కడుతుంది. ఎక్కువమందిలో వ్యవహారం అక్కడితో ఆగిపోతుంది. క్రిమి సోకిన నూరుమందిలో జీవితకాలం మొత్తం మీద జబ్బు పడేది అయిదు నుంచి పది మంది. మిగతావాళ్లు తమలో ఆ క్రిమి దూరిందన్న సంగతే తెలియకుండా బతికి, పెళ్లిళ్లు చేసి, మనవళ్లను ఎత్తుకుని, వేరే ఏ కారణంతోనో వెళ్లిపోతారు. క్రిమి సోకడానికీ జబ్బు పడటానికీ మధ్య ఇంత దూరం ఉంది. ఆ దూరాన్ని తగ్గించేదీ పెంచేదీ చాలావరకు ఆ క్రిమి దిగిన ఒంటి స్థితి.

ఆ ఒంట్లో జరిగే పోరాటం మనం అనుకున్నంత సూటిగా ఉండదు. బరోడాలో వైద్యం చదివి ఇప్పుడు కేంబ్రిడ్జ్‌లో పరిశోధన చేస్తున్న లలితా రామకృష్ణన్ దీన్ని జీబ్రా చేప పిల్లల్లో కళ్లారా చూశారు. ఆ చేప పిల్లల ఒళ్లు పారదర్శకంగా ఉంటుంది. క్షయ క్రిమికి దగ్గరి చుట్టమైన మరో క్రిమిని వాటికి ఎక్కిస్తే, చేప బతికుండగానే లోపల కణాలూ క్రిములూ ఏం చేస్తున్నాయో సూక్ష్మదర్శిని కింద కనబడుతుంది. క్రిమిని బంధించడానికే ఒళ్లు కట్టుకుంటుందని అందరూ నమ్మిన ఆ ముద్ద, తొలి రోజుల్లో క్రిమి ఒక కణం నుంచి ఇంకో కణానికి పాకడానికే సాయపడుతోందని ఆమె బృందం 2009లో చూపింది. తర్వాత ఇంకో సంగతి తేలింది. మన ఒళ్లు క్రిమి మీద ఎగదోసే మంటకు, అంటే వైద్యులు ఇన్‌ఫ్లమేషన్ అనేదానికి, కీలకమైన టీఎన్ఎఫ్ అనే పదార్థం తక్కువైతే క్రిమి కణాల లోపల విచ్చలవిడిగా పెరుగుతుంది. అదే ఎక్కువైతే మొదట క్రిములు చస్తాయి గానీ, ఆ వెంటే కణం కూడా పగిలి చచ్చిపోతుంది. మిగిలిన క్రిములు బయటపడి ఇంకా జోరుగా పెరుగుతాయి.

మనుషుల్లోనూ ఈ రెండు వైపులా ఆధారాలున్నాయి. కీళ్లవాతం వంటి జబ్బులకు టీఎన్ఎఫ్‌ను అణిచే మందు వాడినవాళ్లలో 70 మందికి క్షయ బయటపడిందని 2001లో ఒక నివేదిక వచ్చి ప్రపంచాన్ని ఉలిక్కిపడేలా చేసింది. అప్పటినుంచి ఆ మందు మొదలుపెట్టే ముందు లోపల క్షయ దాగి ఉందేమోనని చూస్తున్నారు. ఇక రెండోవైపు, వియత్నాంలో మెదడు పొరలకు క్షయ సోకిన 545 మందిపై చేసి 2004లో అచ్చు వేసిన పరిశోధనలో, క్షయ మందులతో పాటు మంటను తగ్గించే డెక్సామెథసోన్ కూడా ఇచ్చినప్పుడు మరణాలు తగ్గాయి. మంట చాలకపోయినా ప్రమాదమే, మితిమీరినా ప్రమాదమే. ఊపిరితిత్తికి రంధ్రం పడేది కూడా మన కణాలు వదిలే ఎంజైములు మన కణజాలాన్నే కరిగించడం వల్ల. ఆ రంధ్రంలోంచి క్రిమి శ్వాసనాళంలోకి వస్తుంది, అక్కడినుంచి దగ్గులోకి, దగ్గులోంచి పక్కన పడుకున్న పసిబిడ్డ ఊపిరిలోకి.

ఇంత సున్నితమైన కొలతను ఒళ్లు దేనితో నిలబెట్టుకుంటుంది? తిండితో. పోరాడే కణాలు పుట్టాలన్నా, ఆ కణాలు పదార్థాలు తయారుచేయాలన్నా మాంసకృత్తులు కావాలి. ఒంట్లో కొవ్వు కరిగిపోతే లెప్టిన్ అనే హార్మోను పడిపోతుంది, దానితో పాటు క్రిములతో పోరాడే టి కణాల శక్తి తగ్గుతుంది. అమెరికాలో చేసి 1996లో అచ్చు వేసిన ఒక పరిశోధన నా మనసులోంచి పోదు. మాంసకృత్తులు బాగా తగ్గించిన మేత పెట్టిన ఎలుకలకు క్షయ క్రిమిని ఎక్కించారు. క్రిమిని చంపడానికి ఊపిరితిత్తుల్లో తయారవ్వాల్సిన నైట్రిక్ ఆక్సైడ్ సకాలంలో తయారు కాలేదు. ఎలుకలు త్వరత్వరగా చచ్చిపోయాయి. అదే స్థితిలో ఉన్న మరికొన్ని ఎలుకలకు మళ్లీ పూర్తి మేత పెట్టారు. అవి తేరుకున్నాయి. మందేమీ ఇవ్వలేదు, మేత మాత్రమే ఇచ్చారు. ఎలుకల్లో ఈ సంగతి తేలి ఇన్నేళ్లయింది. రోగి ఇంటివాళ్లకు పెట్టి చూడటానికి మనకు 2019 దాకా పట్టింది.

ఇందులో ఇంకో క్రూరమైన మెలిక ఉంది. టీఎన్ఎఫ్ అనే పదార్థమూ, జబ్బుచేసిన ఒంటిని శుష్కింపజేసే పదార్థంగా వేరే పరిశోధకులు వెతికి పట్టుకున్నదీ రెండూ ఒకటేనని 1985లో తేలింది. అంటే క్రిమితో పోరాడే క్రమంలోనే కండ కరుగుతుంది, ఆకలి చచ్చిపోతుంది. తిండి లేక జబ్బు, జబ్బు వల్ల తిండి సహించకపోవడం, దానివల్ల జబ్బు ముదరడం. కూలికి పోలేని రోజుల్లో ఇంట్లో గిన్నె కూడా చిన్నదవుతుంది. అప్పుడు ఇంట్లోవాళ్లందరూ కలిసి బక్కచిక్కిపోతారు. అదే గదిలో, అదే గాలి పీలుస్తూ.

జార్ఖండ్ పరిశోధనలో చేరిన రోగుల్లో ప్రతి అయిదుగురిలో నలుగురికి పైగా మనుషులు ఉండాల్సిన బరువు కంటే తక్కువ బరువున్నారు. దాదాపు సగం మంది బాడీ మాస్ ఇండెక్స్ 16 కంటే తక్కువ, అంటే తీవ్రమైన పోషకాహార లోపం. ఈ స్థితిలో ఉన్న మనిషికి నాలుగు రకాల మాత్రలు చేతిలో పెట్టి, వేళకు వేసుకోమని చెప్పి పంపుతూ వచ్చాం. ఖాళీ కడుపున ఆ మాత్రలు వేసుకుంటే వాంతులు, కడుపులో తిప్పడం. మధ్యలో మానేస్తే "మొండి రోగి" అని చీటీ మీద రాశాం. ఆ పరిశోధనలోనే ఇంకో సంగతి బయటపడింది. మొదటి రెండు నెలల్లో అయిదు శాతం బరువు పెరిగిన రోగుల్లో చావు ముప్పు 61 శాతం తక్కువగా ఉంది. నలభై కిలోల మనిషికి అయిదు శాతం అంటే రెండు కిలోలు. రెండు కిలోల కండ మీద ఒక ప్రాణం ఆధారపడి ఉందన్నమాట.

మరి ఈ తిండి సంగతి వైద్యం ఎప్పుడు మరిచిపోయింది? ఒకప్పుడు మరిచిపోలేదు. మన పెద్దవాళ్లు మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం క్షయ ఆస్పత్రి గురించి, వికారాబాద్ అనంతగిరి కొండల మీది శానిటోరియం గురించి చెప్పేవారు. మందులు లేని కాలంలో అక్కడ ఇచ్చింది మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన తిండి. ఆ తర్వాత మందులొచ్చాయి. 1956లో మద్రాసులో ఒక గొప్ప పరిశోధన మొదలుపెట్టారు. 193 మంది రోగుల్ని రెండు భాగాలు చేసి, కొందర్ని శానిటోరియంలో ఉంచారు, కొందర్ని వాళ్ల ఇళ్లలోనే ఉంచి మందులిచ్చారు. ఇళ్లలో ఉన్నవాళ్లది ఇరుకు గది, చాలీచాలని తిండి, విశ్రాంతి తక్కువ. అయినా ఏడాది చికిత్స తర్వాత రెండు వర్గాల ఫలితాలూ దాదాపు సమానంగానే వచ్చాయి. రోగి ఇంట్లో ఉన్నందువల్ల కుటుంబానికి అదనపు ముప్పు కూడా కనబడలేదు.

ఆ ఫలితం పేదవాళ్లకు చేసిన మేలు అంతా ఇంతా కాదు. ఏళ్ల తరబడి ఇంటికి దూరంగా ఆస్పత్రి మంచం మీద పడి ఉండే ఖర్మ తప్పింది. ప్రపంచమంతా క్షయకు ఇంటి దగ్గరే చికిత్స చేసే పద్ధతికి ఆ మద్రాసు పరిశోధనే దారి వేసింది. ఆ శాస్త్రవేత్తలకు మనం రుణపడి ఉన్నాం. అయితే దాన్నుంచి విధానాలు రాసేవాళ్లూ, మనమూ కలిసి ఒక తప్పు పాఠం కూడా నేర్చుకున్నాం. మందు ఉంటే చాలు, తిండి సంగతి వదిలేయొచ్చని. ఆ పరిశోధన అడిగిన ప్రశ్న, మందు వేసుకుంటున్న రోగిలో క్రిమి చస్తుందా లేదా అని. రోగి పక్కనున్న భార్యకు, తమ్ముడికి, పిల్లలకు రేపు జబ్బు రాకుండా ఉండాలంటే ఏం కావాలో అది అడగలేదు. అరవై ఏళ్ల పాటు ఆ ప్రశ్నను ఎవరూ గట్టిగా అడక్కపోవడానికి కారణం ఏమిటని ఆలోచిస్తే, జవాబు ప్రయోగశాలలో దొరకదు. మందు ఇవ్వడం ప్రభుత్వ కార్యక్రమం. తిండి పెట్టడం మన అందరి పని. ఆ పని మనకు అక్కర్లేకపోయింది.

2023లో మన దేశంలో దాదాపు 28 లక్షల మంది క్షయతో జబ్బుపడ్డారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ప్రపంచంలోని మొత్తం రోగుల్లో నాలుగో వంతుకు పైగా. చనిపోయినవాళ్లు మూడు లక్షలకు పైమాటే. 2025 నాటికి ఈ జబ్బును నిర్మూలిస్తామని దేశం మాట ఇచ్చింది. 2015లో లక్షమందికి 237గా ఉన్న కొత్త కేసులు 2023కి 195కు దిగాయి. ఇందులో ఎందరో ఆశా కార్యకర్తల, ల్యాబ్ టెక్నీషియన్ల, ఆరోగ్య పర్యవేక్షకుల చెమట ఉంది. ఇచ్చిన మాట నిలబడటానికి మాత్రం ఈ దిగుడు సరిపోలేదు.

ప్రభుత్వం ఏమీ చేయలేదని అనడం అన్యాయం. 2018 నుంచి రోగి బ్యాంకు ఖాతాలో పోషకాహారం కోసం నెలకు 500 రూపాయలు వేస్తున్నారు. 2024 నవంబరు నుంచి దాన్ని 1,000 చేశారు. 2022 సెప్టెంబరులో నిక్షయ్ మిత్ర అనే పథకం మొదలైంది. ఎవరైనా సరే ఒక రోగికి నెలనెలా ఆహార బుట్ట ఇచ్చే బాధ్యత తీసుకోవచ్చు. జార్ఖండ్ ఫలితాలు వచ్చాక ఆ బుట్టను ఇంటివాళ్లకు కూడా విస్తరించారు. ఇది సరైన దిశ. నాకు మనసొప్పని విషయం ఒకటుంది. రోగి ఖాతాలో పడే డబ్బు ప్రభుత్వ హామీ. ఇంటిల్లిపాదినీ కాపాడతాయని రుజువైన ఆ బియ్యం, పప్పు మాత్రం దాత దొరికితే వస్తాయి, దొరక్కపోతే రావు. చంటిబిడ్డకు వేసే టీకాను మనం ఏ దాత దయకూ వదిలిపెట్టం. దాదాపు నలభై శాతం జబ్బును ఆపుతున్న ఈ పప్పును ఎందుకు వదిలేశాం? రేషన్ కార్డు మీద బియ్యం వస్తోంది, నిజమే. పప్పు అంత నమ్మకంగా రాదు. క్షయ ఉన్న ఇంటికి, ఇంట్లో ఉన్న ప్రతి మనిషి పేరున, చికిత్స జరిగినన్నాళ్లూ పప్పూ బియ్యమూ హక్కుగా అందాలని మనం గట్టిగా అడగాలి. ఓటు అడగడానికి వచ్చినవాళ్లను ఈ మాట అడిగినవాళ్లను నేనింతవరకూ చూడలేదు.

దాతలకూ ఒక మనవి. బుట్ట ఇచ్చేటప్పుడు రోగిని వరసలో నిలబెట్టి ఫోటో తీయకండి. ఆ ఫోటో ఊళ్లో వాట్సాప్ గ్రూపులన్నీ తిరుగుతుంది. ఆ అమ్మాయికి పెళ్లి కావాలి. ఆ కుర్రాడికి హోటల్లో పని నిలబడాలి. ఈ జబ్బు పేరు బయటపడితే ఏమవుతుందో మనందరికీ తెలుసు. కోడల్ని పుట్టింటికి పంపేస్తారు, గ్లాసు వేరు పెడతారు, అద్దె ఇల్లు ఖాళీ చేయిస్తారు. సరిగ్గా మందులు వాడుతున్న రోగి నుంచి కొద్ది వారాల్లోనే అంటుకునే ముప్పు చాలా తగ్గిపోతుందని డాక్టర్లు ఎంత చెప్పినా మన భయం మన చదువు కంటే పెద్దదిగా ఉంది. ఆ భయమే జబ్బును దాచిపెట్టిస్తుంది. 2019 నుంచి 2021 వరకు జరిగిన జాతీయ సర్వేలో, క్షయ లక్షణాలున్నవాళ్లలో 64 శాతం మంది వైద్యం కోసం ఎక్కడికీ వెళ్లలేదని తేలింది. రెండు వారాలు దాటి దగ్గుతున్న మనిషి తెమడ పరీక్షకు వెళ్లకుండా దగ్గు సిరప్ తాగుతూ కూర్చున్నాడంటే, అందులో అతని నిర్లక్ష్యం కొంత ఉండొచ్చు. మన చూపులకు జడిసిన భాగం అంతకంటే ఎక్కువ.

ఇంకో మాట మన ఇళ్ల లోపలికి చూసి చెప్పాలి. చాలా తెలుగు ఇళ్లలో ఆడవాళ్లు మిగతావాళ్లంతా తిన్నాక తింటారు. కూర అయిపోతే పచ్చడి మెతుకులతో సరిపెట్టుకుంటారు. అయిదో విడత జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఇంటికి అయిదు కిలోల పప్పు వచ్చినా, వడ్డన ఇలాగే ఉంటే అది ఆమె కంచం దాకా చేరదు. భర్తకు క్షయ వస్తే రాత్రంతా పక్కన కూర్చుని, ఆ గాలే పీల్చి, అందరికంటే చివర తినే మనిషి ఆమె. పరిశోధన మనిషి మనిషికీ లెక్కగట్టి తిండి ఇచ్చింది. మనమూ అలాగే లెక్కగట్టి వడ్డించాలి.

హైదరాబాద్ చుట్టూ లేస్తున్న అపార్ట్‌మెంట్ల దగ్గర రేకుల షెడ్లలో, ఇటుక బట్టీల దగ్గర గుడిసెల్లో ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కూలీలు ఉంటున్నారు. గాలి ఆడని చోట పది మంది పడుకుంటారు. వాళ్లలో ఒకరు జబ్బుపడితే మేస్త్రీ ఊరికి పంపేస్తాడు. చికిత్స మధ్యలో తెగుతుంది. ఆ అపార్ట్‌మెంట్లలో ఫ్లాట్లు కొనుక్కునేవాళ్లం మనం. మన ఇల్లు కట్టిన మనిషికి దగ్గు వస్తే పరీక్ష చేయించారా, ఆర్నెల్లు పని పోకుండా చూశారా అని బిల్డరును అడగడం మనకు ఎందుకు తోచదు? విదేశాల్లో ఉన్న మన తెలుగువాళ్లు సొంత ఊరి గుడికీ బడికీ ఎంతో ప్రేమగా డబ్బు పంపుతారు. ఆ ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నమోదైన క్షయ రోగుల ఇళ్లకు ఆర్నెల్లు పప్పూ బియ్యం అందించే ఖర్చు ఒక గాలిగోపురానికి వేసే రంగు ఖర్చు కూడా కాకపోవచ్చు.

ఈ నెల మీ ఊళ్లోనో మీ వార్డులోనో ఒక పని చేయండి. నలుగురూ కలిసి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి డాక్టరుతో, అక్కడి క్షయ పర్యవేక్షకుడితో కూర్చోండి. రోగుల పేర్లు అడగకండి, వాళ్లు చెప్పకూడదు కూడా. ఎంతమంది చికిత్సలో ఉన్నారు, ఎంతమందికి ఖాతాలో డబ్బు పడింది, ఎన్ని నెలలు ఆగింది, ఎన్ని ఇళ్లకు బుట్ట అందింది, ఆ ఇళ్లలో మొత్తం ఎందరున్నారు, రెండో నెల చివర రోగుల బరువు తూచారా అని అడగండి. వచ్చిన లెక్కను పేర్లు లేకుండా గ్రామసభలో చదివి వినిపించండి. అందని ఇళ్ల ఖర్చు ఎంతో అక్కడే కూడండి. ఆశా కార్యకర్త చేతికి ఇస్తే, ఎవరికీ తెలియకుండా ఆ సంచి చేరాల్సిన గడప దాకా చేరుస్తుంది.